తాండూరు కందిపప్పు: మా కర్రీ పాయింట్ వంటింటి నుంచి

కూకట్‌పల్లిలో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. వేపుళ్ళు, ఇగురు కూరలు రోజుకో రకం మారతాయి గానీ పప్పు లేని రోజు ఉండదు. మామూలు రోజుల్లో 4 కిలోలు, ఆదివారం అయితే 5 కిలోల కందిపప్పు కుక్కర్లో పడుతుంది. అందుకని కందిపప్పు విషయంలో నాకు పట్టింపులెక్కువ. పోయిన సంక్రాంతి తర్వాత నుంచి, వికారాబాద్ జిల్లా తాండూరు చుట్టుపక్కల పండే కందిపప్పుకి మారాను, పాలిష్ పట్టనిది, బస్తాల లెక్కన. ఎండాకాలం, వానాకాలం రెండింటిలోనూ వండి చూశాక ఇప్పుడు రాస్తున్నాను. ముద్దపప్పుకీ, ఆకుకూర పప్పులకీ, కందిపచ్చడికీ ఇంతకన్నా మంచి పప్పు నాకు హైదరాబాదులో దొరకలేదు. సాంబారుకి మాత్రం ఇంత ఖర్చు అక్కర్లేదు.

ముందు ధర సంగతి. నేను కొన్నప్పుడు మా వీధి కిరాణా కొట్లో మామూలు పాలిష్ పప్పు కిలో 130 రూపాయలుంది. తాండూరు పప్పు 30 కిలోల బస్తా తీసుకుంటే కిలో 155 పడింది. అదే సూపర్ మార్కెట్లో కిలో ప్యాకెట్ అయితే 180 దాకా ఉంది. రోజుకి 4 కిలోల మీద 100 రూపాయలు తేడా, అంటే నెలకి 3,000. పప్పు కవర్ 30 రూపాయలకి అమ్ముకునే వాళ్ళకి అది పెద్ద డబ్బే. మా ఆయన మొదట్లో ససేమిరా అన్నారు. "ఎవరు గుర్తుపడతారు, అందులో పాలకూర వేసి పోపు పెట్టాక?" అన్నారు. నిజానికి గుర్తుపట్టారు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

బస్తా విప్పి చూస్తే కొందరికి ఈ పప్పు నచ్చదు. మెరుపుండదు. రంగు అన్ని బద్దలకీ ఒకటిగా ఉండదు, కొన్ని నిండు పసుపు, కొన్ని కాస్త లేత, అక్కడక్కడా ఎర్రటి పొట్టు అంటుకున్న బద్దలు. చేతిలోకి గుప్పెడు తీసుకుని నలిపితే వేళ్ళకి సన్నటి పిండి అంటుతుంది. బద్ద అంచు పదునుగా ఉండదు, ఒరిగిపోయినట్టు ఉంటుంది. పాలిష్ పప్పు దగ్గర పెట్టి చూస్తే ఇది పాత సరుకేమో అనిపిస్తుంది కూడా. మా దగ్గర పనిచేసే అమ్మాయి మొదటి రోజు "అక్కా, ఈ పప్పు వాపస్ ఇచ్చేద్దాం" అంది.

పాలిష్ అంటే ఏం చేస్తారో తెలిస్తే ఆ మెరుపు మీద మోజు పోతుంది. మిల్లులో కందుల మీద పొట్టు వదలడానికి నూనె, నీళ్ళు పట్టించి ఎండబెట్టి, గరుకు రోలర్ల మీద నడిపి పొట్టు తీసి, బద్దలు చేస్తారు. ఇక్కడిదాకా ఏ పప్పుకైనా తప్పదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళోనూ ఇదే పని చేసేవాళ్ళు, కాకపోతే కందులకి ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, తిరగట్లో విసిరి, చేటతో చెరిగేవాళ్ళు. మిల్లులో ఆ తర్వాత జరిగేదే పాలిష్. బద్దల్ని మళ్ళీ తిప్పుతూ నీళ్ళో నూనెనో పట్టిస్తారు, కొన్నిచోట్ల బలపపు రాతి పొడి లాంటిది కూడా వాడతారు. దాంతో పైపొర అరిగిపోయి, బద్ద నున్నగా మెరుస్తుంది. ఆ అరిగిన పొరలో మాంసకృత్తులు ఉంటాయి. కందుల్లో 100 గ్రాములకి దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి కదా, గింజ లోపల కంటే పైపొరలో, మొలక ముక్కలో అవి దట్టంగా ఉంటాయి. మిల్లుల వాళ్ళు ఆ పొడిని పశువుల దాణాకి అమ్ముకుంటారు. క్వింటాలు కందులు ఆడిస్తే పప్పుగా చేతికొచ్చేది 70, 75 కిలోలే. మిగతాదంతా పొట్టు, నూక, పొడి. పాలిష్ ఎంత ఎక్కువైతే పొడి అంత ఎక్కువ.

కడిగినప్పుడు తాండూరు పప్పు మొదటి నీళ్ళు బాగా తెల్లగా వస్తాయి. పొట్టు తేలుతుంది, వంపేయాలి. రెండో నీళ్ళకే తేటపడుతుంది. రంగు వేసిన పప్పయితే నీళ్ళు పచ్చగా దిగుతాయి, ముఖ్యంగా గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే వెంటనే తెలిసిపోతుంది. మెటానిల్ ఎల్లో అనే రంగు వాడకూడదని చట్టం ఉంది, అయినా విడి పప్పులో అప్పుడప్పుడూ పట్టుబడుతూనే ఉంటుంది. ఏ కొట్లో పప్పయినా సరే, కొత్తగా తెచ్చినప్పుడు గుప్పెడు ఒక గాజు గ్లాసులో వేసి వేడినీళ్ళు పోసి చూడటం నా అలవాటు.

ఇక ఉడకడం. ఇదే అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పొద్దున ఆరింటికి పప్పు కడిగి నానబెడతాను, అరగంట. కిలో పప్పుకి 3 లీటర్ల నీళ్ళు, అర చెంచా పసుపు, నురగ పొంగకుండా ఒక చెంచా నూనె. ఉప్పు ఉడికాకే. పెద్ద మంట మీద మొదటి విజిల్ రానిచ్చి, మంట తగ్గించి పన్నెండు నిమిషాలు. ఇంతకుముందు వాడిన పాలిష్ పప్పుకి ఇదే లెక్కలో ఇరవై నిమిషాలు పట్టేది. అయినా కుక్కర్ తీస్తే పైన పల్చటి నీళ్ళు, అడుగున పప్పు, మధ్యలో ఉడకని బద్దలు కొన్ని. తాండూరు పప్పు మూత తీసేసరికి నీళ్ళూ పప్పూ కలిసిపోయి ఉంటాయి. బద్ద బద్దలాగే కనిపిస్తుంది, వేలితో నొక్కితే వెన్నలా నలిగిపోతుంది. పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పితే చాలు, ముద్దగా దగ్గరపడుతుంది. గరిటెతో ఎత్తి వంచితే తెగి పడకుండా జారుతుంది. నీళ్ళు కూడా ఎక్కువ పీల్చుకుంటుంది. పాత పప్పుతో కిలోకి నాకు ఎన్ని కవర్లు వచ్చేవో దీంతో అంతకంటే ఒకటి రెండు ఎక్కువే వస్తున్నాయి, అదీ చిక్కదనం తగ్గకుండా. నెలకి 3,000 అన్నానే, అదంతా ఇక్కడే తిరిగొస్తోంది. గ్యాస్ మిగిలేది అదనం. మా ఆయన ఒప్పుకున్నది ఈ లెక్క చూశాకే.

ఇదంతా నల్లాలో వచ్చే మంజీరా నది నీళ్ళతో. హైదరాబాదులో వండేవాళ్ళందరికీ తెలిసిన బాధే, బోరు నీళ్ళతో ఏ పప్పూ సరిగా ఉడకదు. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి బద్దని గట్టిపరుస్తాయి. ఒక వారం మాకు నల్లా రాక బోరు నీళ్ళతో వండాల్సి వచ్చింది. తాండూరు పప్పుకి కూడా ఇరవై నిమిషాలు పట్టింది, రుచీ తగ్గింది. కాబట్టి బోరు నీళ్ళతో వండి ఈ పప్పు బాగాలేదని అనకండి. తాగే నీళ్ళతో వండండి. కొంతమంది వంటసోడా చిటికెడు వేస్తారు, పప్పు మెత్తబడుతుంది నిజమే, కానీ బి1 విటమిన్ పోతుంది, పప్పుకి సబ్బు వాసన తగులుతుంది. నా వంటింట్లోకి సోడాని బజ్జీల పిండికి తప్ప రానివ్వను.

రుచి తెలియాలంటే ముద్దపప్పే చేయాలి. టమాటా, మామిడికాయ, గోంగూర ఏది వేసినా ఆ పులుపు పప్పుని కప్పేస్తుంది. ఉప్పు, పసుపు తప్ప ఏమీ లేని ముద్దపప్పు వేడన్నంలో వేసుకుని, నెయ్యి పోసుకుని తింటే పప్పు ఎలాంటిదో దాచలేరు. ఈ పప్పుకి ఒక కమ్మదనం ఉంది, చివర్లో కొంచెం తీపి తగులుతుంది. వాసన ముందే వచ్చేస్తుంది, కుక్కర్ మొదటి విజిల్‌కే. చిన్నప్పుడు మా ఊళ్ళో కొత్త కందులు ఆడించిన వారం ఇంటినిండా ఉండే వాసన అది, హైదరాబాదు వచ్చాక చాలా ఏళ్ళు నాకు దొరకలేదు. నేను అతిగా చెప్పడం లేదు. పప్పు రోజూ వండే చేతికి ఆ వాసన తెలుస్తుంది.

నాకే కాదు. వికారాబాద్ దగ్గర పల్లె నుంచి వచ్చి మా సందులో ఉండే ఆటో అన్న ఒకాయన రోజూ రాత్రి పప్పు, పెరుగు తీసుకెళ్తాడు. పప్పు మార్చిన రెండో రోజో మూడో రోజో వచ్చి, "అక్కా, గిది మా దిక్కు పప్పే కదా? నిన్న మా పిల్లలు గిన్నె నాకిన్రు" అన్నాడు. తాండూరు పప్పని బోర్డు మీద రాయలేదు మేము, ఎవరికీ చెప్పనూ లేదు. పాలకూర పప్పులోనే పట్టేశాడు. హాస్టల్ కుర్రాళ్ళయితే పప్పు పేరు అడగరు గానీ, మధ్యాహ్నం రెండున్నరకి పప్పు అయిపోవడం అప్పటినుంచే మొదలైంది. ఇంతకుముందు సాయంత్రానికి కొంచెం మిగిలేది.

ఏ వంటకి ఎలా ఉందంటే: పాలకూర, తోటకూర, చుక్కకూర పప్పులకి అద్భుతం. దోసకాయ పప్పుకీ అంతే, దోసకాయ నీళ్ళు ఊరినా పప్పు పల్చబడదు. మామిడికాయ, గోంగూర పప్పులకి ఒక జాగ్రత్త, పులుపుని పప్పుతో కలిపి కుక్కర్లో పెట్టకండి. పులుపు తగిలితే ఏ పప్పయినా బద్ద ఉడకదు, ఇది ఎంత మంచిదైనా అంతే. గోంగూర విడిగా మగ్గించి కలపాలి. పప్పుచారుకి బాగుంది. సాంబారులో మాత్రం సాంబారు పొడి, చింతపండు, ములక్కాడ, ఇంగువ ఇన్ని చేరాక ఈ పప్పు ప్రత్యేకత ఏమీ మిగలదు. మేము సాంబారుకి మామూలు పప్పే వాడుతున్నాం, ఒక బస్తా విడిగా పెట్టుకుని.

కందిపచ్చడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాది గుంటూరు వైపు, మాకది కూరతో సమానం. మూకుట్లో నూనె లేకుండా సన్న సెగ మీద పప్పు వేయించాలి. పాలిష్ పప్పు వేగేటప్పుడు బద్ద అంచులు ముందు మాడతాయి, మధ్యలో పచ్చిగానే ఉంటుంది, రంగు చూసి దింపితే పచ్చడి పచ్చివాసన వేస్తుంది. తాండూరు పప్పు సమంగా వేగుతుంది. ముందు పిండి వాసన, తర్వాత వేరుశనగ వేగుతున్న వాసన, ఆ తర్వాత బద్దలు మూకుట్లో గలగలమంటూ తేలికవుతాయి. ఆ చప్పుడు మారగానే దింపేయాలి. ఎండుమిర్చి వేయించి, ఉప్పు, చింతపండు రెబ్బ, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రేకలు వేసి కొంచెం పలుకుగా రుబ్బుకోవాలి. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పండి, మెత్తటి పేస్టు అయిపోతే పచ్చడి కాదు అది. కందిపొడి కూడా దీంతోనే కొడుతున్నాను, నెల రోజులైనా వాసన పోవడం లేదు.

తాండూరు పప్పుకే ఈ రుచి ఎందుకని ఒకసారి ఆ ఊరికే వెళ్ళి కనుక్కున్నాను. సికింద్రాబాదు నుంచి వాడి వెళ్ళే రైలు మార్గంలో, కర్ణాటక సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది తాండూరు, వికారాబాద్ జిల్లా. మన ఇళ్ళల్లో నేల మీద పరిచే తాండూరు బండలు అక్కడివే. ఆ చుట్టుపక్కల లోతైన నల్లరేగడి భూములు, కింద సున్నపురాయి నిక్షేపాలు. కంది అక్కడ వానాధారపు పంట. జూన్, జూలైల్లో విత్తితే డిసెంబరు, జనవరిలో కోతకొస్తుంది. ఆరు నెలల పైరు, వేరు లోతుకి దిగి నేలలో మిగిలిన చెమ్మ మీదే గింజ కడుతుంది. ఆ నేల, ఆ సున్నమే పప్పు రుచికీ, త్వరగా ఉడకడానికీ కారణమని అక్కడి వాళ్ళు చెప్తారు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు, అంటే ఈ పేరు ఈ ప్రాంతపు పంటకే చెందుతుందని చెప్పే జీఐ ట్యాగ్, వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టింది యాలాల మండలం రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. రైతులే కూడబలుక్కుని తమ పంట పేరుని కాపాడుకున్నారంటే నాకు ఎంతో గౌరవంగా అనిపించింది.

సరిహద్దు దాటితే కలబురగి జిల్లా. వాళ్ళ తొగరి పప్పుకి (కన్నడంలో కందిని తొగరి అంటారు) 2019లోనే జీఐ వచ్చింది. అదీ తెచ్చి వండాను. దగ్గరదగ్గరగా ఇంతే బాగుంది, నిజం చెప్పాలంటే కళ్ళు మూసుకుని తినిపిస్తే ముద్దపప్పులో నేను తేడా పట్టలేనేమో. కందిపచ్చడిలో మాత్రం తాండూరుదే ఒక మెట్టు పైన అనిపించింది. మీకు కలబురగి పప్పు నమ్మకమైన చోట తక్కువ ధరకి దొరికితే సందేహించకుండా తీసుకోండి.

కందులు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పండించేదీ మనమే, ఎక్కువ తినేదీ మనమే. చాలక మొజాంబిక్, మయన్మార్, టాంజానియా, మలావీల నుంచి తెచ్చుకుంటాం. కొట్లో ఊరూ పేరూ చెప్పకుండా అమ్మే పప్పులో అది ఎంతో కొంత కలిసి ఉంటుంది. దిగుమతి పప్పు తినకూడదని నేననను. 2015లో కందిపప్పు కిలో 200 దాకా పోయినప్పుడు ఆ దిగుమతులే లేకపోతే మాలాంటి వాళ్ళం పప్పు వండడం మానేసేవాళ్ళం. ఓడల్లో, గోదాముల్లో నెలల తరబడి ఉన్న కందులు మాత్రం వేడికీ తేమకీ బిగుసుకుపోతాయి, ఎంత ఉడికించినా బద్ద విచ్చుకోదు. మన కందులైనా అలా నిలవ ఉంచితే అంతే. పప్పు విషయంలో దేశం కంటే వయసు ముఖ్యం, కొనేటప్పుడు ప్యాకెట్ మీద తేదీ చూడండి.

ఇక నాకు నచ్చనివి.

మొదటిది, తాండూరు పేరుతో అమ్ముతున్నదంతా తాండూరుది కాదు. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర 5 కిలోల ప్యాకెట్ తెప్పించాను. ప్యాకెట్ మీద తాండూరు అని పెద్ద అక్షరాలు, జీఐ గుర్తు మాత్రం లేదు. వండితే సగం బద్దలు కరిగిపోయాయి, సగం రాయిలా ఉన్నాయి. కొత్త సరుకులో పాతది కలిపితేనే అలా అవుతుంది. ఫోన్ చేస్తే "మీ కుక్కర్ వాషర్ చూసుకోండి" అన్నారు. డబ్బు తిరిగి రాలేదు. వండేవాళ్ళకి ఇలాంటి పప్పుతో వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. పదకొండున్నరకి జనం వచ్చేస్తారు, కుక్కర్ తీసి చూస్తే పప్పు ఉడకలేదు, మళ్ళీ పెట్టాలి. ప్యాకెట్ కొంటే జీఐ గుర్తు, మిల్లు చిరునామా, ప్యాక్ చేసిన నెల, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు, ఈ నాలుగూ ఉంటేనే కొనండి.

రెండోది, శుభ్రత. తాండూరు మిల్లు నుంచి తెచ్చిన బస్తాలో పొట్టు, పుల్లలు ఉన్నాయి, ఒకటి రెండు చిన్న రాళ్ళూ తగిలాయి. చేటలో పోసి చూసుకోవాల్సిందే. పాలిష్ లేకుండా అమ్మడం వేరు, ఏరకుండా అమ్మడం వేరు. కిలోకి 25 రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నప్పుడు ఆ మాత్రం జల్లెడ పట్టి ఇవ్వాలి. ఈ విషయంలో మిల్లు వాళ్ళు మారాలి.

మూడోది, నిలవ. పాలిష్ లేని పప్పుకి వానాకాలంలో పురుగు త్వరగా పడుతుంది. నేను బస్తాని చెక్క బల్ల మీద, గోడకి తగలకుండా పెడతాను, ఎండు వేపాకు, ఎండుమిరపకాయలు మధ్యమధ్యలో వేస్తాను. జూలైలో ఒక ఎండ దొరికిన రోజు మొత్తం డాబా మీద ఆరబోశాం. ఇంట్లోకి కొనేవాళ్ళు, నెలకి 2, 3 కిలోలు వాడేవాళ్ళు, మూడు నెలలకి మించి కొనకండి. మా పెద్దవాళ్ళు ఏడాదికి సరిపడా పప్పుకి ఆముదం పట్టించి జాడీల్లో పోసేవాళ్ళు. అది ఇప్పటికీ పనిచేస్తుంది, కాకపోతే వండే ముందు వేడినీళ్ళతో కడగాలి.

ఒక మాట కేసరి పప్పు గురించి కూడా. ఇది కందిపప్పులాగే కనిపించే వేరే పప్పు, విడిగా తక్కువ ధరకి అమ్మే కందిపప్పులో ఒక్కోసారి దీన్ని కలుపుతారు. ఎక్కువకాలం, ఎక్కువగా తింటే కాళ్ళు చచ్చుబడే జబ్బు రావచ్చు, అందుకే 1961లో దాని అమ్మకం మీద నిషేధం పెట్టారు. కందిపప్పు బద్ద గుండ్రంగా, ఒకవైపు చదునుగా ఉంటుంది. కేసరి పప్పు పలక తేలి, ఒక మూల మొనగా ఉంటుంది. తెల్ల పళ్ళెంలో పోసి చూస్తే కనిపిస్తుంది. నేను కొన్న తాండూరు బస్తాల్లో ఒక్క బద్ద కూడా అలాంటిది తగల్లేదు.

కొన్ని హోటళ్ళలో ఎర్రపప్పు కలిపి వండుతారని అందరికీ తెలుసు. త్వరగా ఉడుకుతుంది, చవక, పసుపు వేస్తే రంగు కలిసిపోతుంది. ఎర్రపప్పు మంచి పప్పే, టమాటాతో విడిగా వండితే నాకూ ఇష్టం. కానీ కందిపప్పు అని చెప్పి అది పెట్టడం నాకు చేతకాదు. పప్పు తినేవాళ్ళలో సగంమంది ఇంటికి దూరంగా ఉండే పిల్లలు. రోజుకి వాళ్ళ ఒంట్లోకి పోయే మంచి తిండి ఈ ఒక్క కవరే కావచ్చు.

మిగతా పప్పులు కూడా ఇలాగే చూసి కొంటున్నాను ఇప్పుడు. మినప గుళ్ళు తెనాలి నుంచి మా తమ్ముడు పంపిస్తాడు. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందే పొలంలో మినుము చల్లేస్తారు, మార్చి నాటికి కొత్త సరుకు వచ్చేస్తుంది, ఆ గుళ్ళతో గారెల పిండి రుబ్బితే ఒదుగు చూసి తీరాలి. శనగపప్పు మీద నాకు పెద్ద పట్టింపు లేదు, పోపుకీ వడలకీ ఏదైనా నడుస్తుంది. శనగపిండి మాత్రం పప్పు కొని మా ముందే ఆడించుకుంటాం, బజార్లో పిండిలో బఠాణీ కలుపుతారు. పెసరపప్పు ఇంకా మంచిది దొరకలేదు, వెతుకుతున్నాను.

ఎవరు కొనొచ్చు? ఇంట్లో వారానికి నాలుగైదు రోజులు పప్పు వండుకునే వాళ్ళు, చిన్న పిల్లలకి పప్పన్నం పెట్టేవాళ్ళు తప్పకుండా కొనండి, కిలో ప్యాకెట్ ధర లెక్కన చూసినా ఆ తేడా మీకు నెలకి 150 రూపాయలు దాటదు. కర్రీ పాయింట్, మెస్ నడిపేవాళ్ళు ముందు 5 కిలోలు తెచ్చి, మీ నీళ్ళతో, మీ కుక్కర్లో వండి, కవర్లు లెక్కపెట్టుకోండి. సాంబారు, ఇడ్లీ మీదే నడిచే టిఫిన్ సెంటర్లకి అనవసరం.

బస్తా కొనేవాళ్ళు సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి లోపల కొనండి. కొత్త పప్పు అప్పుడే వస్తుంది, ధర కూడా అప్పుడే కొంచెం దిగుతుంది. మిల్లు వాడిని "ఈ ఏటి కందులేనా" అని అడగండి, ఒక బద్ద పంటికింద కొరకండి. టక్కున విరిగి పిండి కావాలి, గాజులా పగిలితే పాతది. నేను ఈసారి మూడు బస్తాలు చెప్పి ఉంచాను, రాళ్ళు ఏరి ఇస్తేనే డబ్బులిస్తానని కూడా చెప్పాను.